ప్రొటీన్ రోజుకు ఎంత కావాలి? మీ వంటింట్లోనే తూచి తేల్చుకునే పద్ధతి

"నాకు రోజుకు ఎంత ప్రొటీన్ కావాలి, ఒక్క అంకె చెప్పండి చాలు" అని అడిగేవాళ్లు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. జిమ్ ట్రైనర్ 140 గ్రాములు అన్నాడట, ఇంట్లో పెద్దాయనేమో రోజూ పప్పన్నం తింటున్నాం కదా ఇంకేం కావాలి అంటున్నారట. అంకె చెప్పడం తేలికే, రెండు నిమిషాల పని. మీ కంచంలో ఇప్పుడు ఎంత ఉందో తెలియకుండా ఆ అంకె పట్టుకుని ఏం చేస్తారన్నదే అసలు తంటా. అందుకే ఈ పద్ధతిలో సగం పని కాగితం మీద, సగం పని పప్పు డబ్బా దగ్గర.

1. ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- గ్రాములు చూపించే వంటింటి తూకం. చిన్నది చాలు, అరువు తెచ్చుకున్నా సరే, వారం రోజుల పనే.
- మీరు రోజూ పప్పు, బియ్యం కొలిచే గ్లాసు లేదా డబ్బా. కొత్తది కాదు, అదే.
- ఇంట్లో అందరి ఎత్తు, బరువు రాసిన కాగితం.
- షుగర్, బీపీ ఉన్నవాళ్లుంటే వాళ్ల చివరి క్రియాటినిన్ రిపోర్టు (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష). ఇది ఎందుకో 3వ మెట్టులో చెప్తాను, దాటేయకండి.

ఫోన్‌లో యాప్ అవసరం లేదు. మన పప్పుచారు ఏ నీళ్లపాళ్లతో కాచారో ఏ యాప్‌కీ తెలియదు.

2. ఏ బరువు మీద లెక్క వేయాలి?

చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. ప్రొటీన్ లెక్క కిలో బరువుకి ఇన్ని గ్రాములని ఉంటుంది గానీ ఆ కిలోల్లో కొవ్వుని కూడా పూర్తిగా కలిపేస్తే అంకె ఊరికే పెరిగిపోతుంది.

మీ బరువు ఎత్తుకి తగ్గట్టే ఉంటే ఉన్న బరువే తీసుకోండి. బాగా ఎక్కువుంటే మగవాళ్లు ఎత్తు సెంటీమీటర్లలోంచి 100, ఆడవాళ్లు 105 తీసేసి వచ్చిన దాన్ని వాడండి. 160 సెంటీమీటర్ల ఎత్తుండి 82 కిలోలున్న ఆవిడ 82 మీద కాకుండా 55 మీద లెక్క వేసుకోవాలి. ఇది ఉజ్జాయింపే, కానీ ఇంటి లెక్కకి సరిపోతుంది. మరీ సన్నగా ఉన్నవాళ్లు కూడా ఇదే చేయాలి, అంటే ఇప్పుడున్న 42 కిలోల మీద కాకుండా ఉండాల్సిన బరువు మీద.

3. కిలోకి ఎన్ని గ్రాములు?

హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి కిలో బరువుకి 0.83 గ్రాములు. 65 కిలోల మగవాడికి 54 గ్రాములు, 55 కిలోల ఆడమనిషికి దాదాపు 46. సగటు అవసరం నిజానికి 0.66 గ్రాములే, దాదాపు అందరికీ సరిపోవాలని కాస్త పైకి జరిపి 0.83 అన్నారు. కాబట్టి ఒకరోజు 5 గ్రాములు తగ్గిందని టెన్షన్ పడనక్కర్లేదు.

కానీ ఒక మెలిక ఉంది. ఆ 0.83 అనేది గుడ్డు, పాలు, మాంసం లాంటి మేలు రకం ప్రొటీన్ బాగా తినేవాళ్ల లెక్క. మనలా సగం కడుపు అన్నంతో నింపేవాళ్లు కిలోకి 1 గ్రాము అనుకోవడం మంచిది. గుర్తు పెట్టుకోవడమూ తేలికే, బరువెంతో ప్రొటీన్ అంత.

ఇక మిగతావాళ్లు:

- 60 దాటినవాళ్లు: కిలోకి 1 నుంచి 1.2 గ్రాములు. వయసు పెరిగితే తిండి తగ్గాలంటారు, అది అన్నానికి వర్తిస్తుందేమో గానీ ప్రొటీన్‌కి కాదు. కండ కరిగిపోయేది ఈ వయసులోనే.
- బరువులు ఎత్తేవాళ్లు, ఒళ్లు తగ్గించుకునే పనిలో ఉన్నవాళ్లు: 1.2 నుంచి 1.6. కండ పెంచడానికి సగటున 1.6 దాటాక పెద్దగా కలిసొచ్చేది ఉండదు. కిలోకి 2 గ్రాములు చొప్పున వేసి 140 చెప్పే ట్రైనర్లని వదిలేయండి.
- గర్భిణులు: మామూలు లెక్క మీద 4 నుంచి 6 నెలల్లో రోజుకు 9.5 గ్రాములు, ఆఖరి మూడు నెలల్లో 22 గ్రాములు అదనం.
- పాలిచ్చే తల్లులు: మొదటి ఆరు నెలలు 17, తర్వాతి ఆరు నెలలు 13 గ్రాములు అదనం. పథ్యం పేరుతో బాలింతలకి నెలల తరబడి పప్పు మానిపించే ఇళ్లు ఇంకా ఉన్నాయి. దయచేసి ఒకసారి డాక్టర్ని అడగండి.
- పిల్లలు: 4 నుంచి 6 ఏళ్ల వాళ్లకి రోజుకు 16 గ్రాములు, 7 నుంచి 9 ఏళ్ల వాళ్లకి 23 గ్రాముల దాకా. ఒక గుడ్డు, రెండు గ్లాసుల పాలు, కాస్త పప్పన్నం తినే పిల్లవాడికి ఇది దాటిపోయింది. పొడి డబ్బాల ప్రకటనలు చూసి కంగారు పడకండి.

ఈ లెక్కలు వర్తించనివాళ్లు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి డయాలసిస్ మొదలుకాక ముందు ప్రొటీన్ తగ్గిస్తారు, డయాలసిస్ మొదలయ్యాక మళ్లీ పెంచమంటారు, కిలోకి 1 నుంచి 1.2 గ్రాముల దాకా. పాత చీటీ పట్టుకుని డయాలసిస్‌లో కూడా పప్పు, గుడ్డు మానేసి చిక్కి శల్యమయ్యేవాళ్లు ఉన్నారు, మీ నెఫ్రాలజిస్టునే అడగండి. మంచి కిడ్నీలని ప్రొటీన్ పాడుచేస్తుందని తేలలేదు. కానీ పదేళ్లుగా షుగర్, బీపీ ఉన్న మనిషి తన కిడ్నీలు మంచివే అనుకోవడానికి లేదు, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం ఉద్దానం వైపు వాళ్లయితే ఏ జబ్బూ లేకపోయినా అనుకోవడానికి లేదు. కిలోకి 1.2 దాటి తినాలనుకుంటే ముందు క్రియాటినిన్, మూత్ర పరీక్ష చేయించుకోండి. మూత్రంలో ప్రొటీన్ పోతోందని రిపోర్టు వస్తే తిన్న ప్రొటీన్ ఎక్కువైందని అర్థం కాదు. కిడ్నీ వడపోతలో తేడా ఉందేమో చూపించుకోమని అర్థం.

4. పచ్చివి తూచండి, ఉడికినవి కాదు

ఇప్పుడు పప్పు డబ్బా దగ్గరికి రండి. పొయ్యి మీద పెట్టకముందే తూచాలి. ఉడికిన పప్పులో ఎంత నీళ్లు ఉన్నాయో ఎవరూ చెప్పలేరు. ముద్దపప్పు కప్పులో 7 గ్రాములుంటే అదే కప్పు పప్పుచారులో 2 గ్రాములు కూడా ఉండకపోవచ్చు.

మా ఇంట్లో నేను మొదట తూచింది కందిపప్పు కొలిచే టీ గ్లాసు. నిండా పోస్తే 122 గ్రాములు వచ్చింది. అదే మధ్యాహ్నం నలుగురికి. అంటే మనిషికి 30 గ్రాముల పప్పు, అందులో ప్రొటీన్ ఆరున్నర గ్రాములు. "రోజూ పప్పు తింటున్నాం కదా" అనే మాట వెనకున్న అసలు అంకె అది. ఇక సాంబారు రోజున అదే గ్లాసు సగమే పడుతుంది.

పచ్చివి 100 గ్రాములకి ప్రొటీన్ ఇలా ఉంటుంది, ఫోటో తీసి ఫ్రిజ్ మీద అంటించుకోండి:

- కందిపప్పు 22, పెసరపప్పు 24, మినప్పప్పు 23, శనగలు 19
- పల్లీలు 24, కానీ 100 గ్రాములు తింటే 550 దాకా కేలరీలు కూడా వస్తాయి
- మీల్ మేకర్ 50 పైన
- బియ్యం 8, గోధుమపిండి 10, జొన్నలు 10, రాగులు 7
- ఎముక లేని చికెన్ 20 నుంచి 22, చేప 18 నుంచి 20
- పనీర్ 18
- పాలు, పెరుగు 100 మిల్లీలీటర్లకి 3 నుంచి 3.7, గేదె పాలలో కాస్త ఎక్కువ
- గుడ్డు ఒకటికి 6

చికెన్ ఎముకతో తూచారా, ఎముక లేకుండానా అన్నది చూసుకోండి. ఎముకతో కిలో తెస్తే తినే మాంసం ఆరేడు వందల గ్రాములే.

5. ఒక మామూలు రోజుని కాగితం మీద పెట్టండి

ఆదివారం వద్దు, పండగరోజు వద్దు. ఏదో ఒక మంగళవారం తీసుకోండి. మా అమ్మ లెక్క చెప్తాను, 63 ఏళ్లు, 58 కిలోలు, శాకాహారి. కిలోకి 1 చొప్పున ఆవిడకి కనీసం 58 గ్రాములు కావాలి.

- రెండు కాఫీల్లో పాలు 200 మిల్లీలీటర్లు: 7
- ఇడ్లీలు మూడు, పల్లీ చట్నీ: 9
- మధ్యాహ్నం 100 గ్రాముల బియ్యం అన్నం: 8
- పప్పు: 6.5
- వంకాయ కూర: 1.5
- పెరుగు చిన్న కప్పు: 3
- రాత్రి 75 గ్రాముల బియ్యం అన్నం: 6
- చారు: 1
- మజ్జిగ: 1.5

మొత్తం 43.5. లోటు 14.5 గ్రాములు. మరీ ఘోరమేం కాదు. కానీ వచ్చిన దాంట్లో మూడో వంతు అన్నం నుంచే వచ్చిందని గమనించండి, రాత్రి భోజనంలో అన్నం తీసేస్తే మిగిలింది రెండున్నర గ్రాములే. ఆవిడ మాత్రం "రాత్రిపూట తేలిగ్గా తింటాను" అంటుంది. చారు, మజ్జిగ పోసుకుని రెండు గుప్పెళ్ల అన్నం తినడాన్ని తేలిక అనుకోవడం మన ఇళ్లలో పెద్దావిడలందరికీ అలవాటే.

మీ ఇంట్లో కూడా ఎవరి కంచం వాళ్లకే లెక్క వేయండి. ఇంటి మొత్తానికి వేసి నలుగురితో భాగిస్తే సగటు బాగానే వస్తుంది, కానీ ఆఖర్న గిన్నె గీరి తినే మనిషికి పప్పు మిగిలిందా లేదా అన్నది అందులో కనపడదు.

6. లోటు నింపే వరుస

ఈ వరుసలోనే వెళ్లండి. మొదటి మూడింటితోనే చాలామందికి లోటు తీరిపోతుంది.

మొదట పప్పు గట్టిపడాలి. మనిషికి 30 గ్రాములున్నది 50 చేయండి. 4 గ్రాముల పైన అక్కడే కలిసొస్తుంది. చారు, సాంబారు ఉంటే ఉండనివ్వండి గానీ వాటిని పప్పు కింద లెక్కేయకండి. టమాటా పప్పు, పాలకూర పప్పు, దోసకాయ పప్పు ఏదైనా సరే, గరిటె జారుగా కాకుండా ముద్దగా దిగాలి. ఒకేసారి పెంచితే కడుపుబ్బరం ఖాయం, వారానికి 10 గ్రాముల చొప్పున పెంచండి, పప్పు అరగంట నానబెట్టి ఇంగువ వేయండి. పెసరపప్పు చాలామందికి తేలిగ్గా అరుగుతుంది, దాంతో మొదలుపెట్టినా మంచిదే.

తర్వాత రాత్రి భోజనం. పల్చటి మజ్జిగ బదులు 150 గ్రాముల పెరుగు, 3 గ్రాములు అదనం. కూరలో వేయించిన పల్లీల పొడి ఒక పెద్ద చెంచా చల్లితే ఇంకో 2.

సాయంత్రం గుగ్గిళ్లు. 30 గ్రాముల శనగలు రాత్రి నానబెట్టి ఉడికించి పోపు పెడితే దాదాపు 6 గ్రాములు. మిక్చర్ పొట్లం స్థానంలో ఇది. పళ్లు బాగాలేనివాళ్లకి మెత్తగా ఉడికించండి, లేదా పెసరపప్పు ఉడికించి కాస్త మిరియాలపొడి చల్లి గిన్నెలో ఇవ్వండి.

అమ్మకి ఈ మూడూ కలిపి 15 గ్రాములు వచ్చాయి. 43.5 కాస్తా 58.5 అయింది. డబ్బా కొనలేదు, కంచంలో కొత్త వస్తువేదీ రాలేదు.

టిఫిన్. ఉప్మా ఒట్టి రవ్వే, పక్కన కొబ్బరి చట్నీ పెడితే అదీ అంతంతే, కొబ్బరిలో ప్రొటీన్ చాలా తక్కువ. చట్నీ మాత్రం పల్లీలదో పుట్నాలదో చేసుకోండి. వారంలో రెండు రోజులు పెసరట్టు వేసుకుంటే ఆ పూటకి చింతే లేదు, 40 గ్రాముల పెసలతో చేసిన అట్టుకి 9 గ్రాములు. ఇడ్లీకి ఒక వంతు మినప్పప్పుకి మూడు వంతుల రవ్వ పోసేవాళ్లు రెండు వంతులకి తగ్గించి చూడండి.

గుడ్లు, మాంసం తినేవాళ్లు ఆదివారం ఒక్కరోజే అరకిలో లాగించి మిగతా వారమంతా పచ్చడితో సరిపెట్టకండి. కొవ్వుని దాచుకున్నట్టు ఒంట్లో ప్రొటీన్‌ని దాచుకునే గది లేదు. రోజుకో గుడ్డు, వారంలో రెండుసార్లు చేపో చికెనో కాస్త కాస్త, అదే మేలు.

మీల్ మేకర్ మనిషికి 30 గ్రాములు, వారానికి రెండుసార్లు. 15 గ్రాములు ఒక్క దెబ్బతో వస్తాయి. వేడినీళ్లలో నానబెట్టి, గట్టిగా పిండి, ఇంకోసారి కడిగి వండితే ఆ పచ్చి వాసన ఉండదు. పిండకుండా వేసేసి "మాకు నచ్చదు" అనేవాళ్లే ఎక్కువ.

పప్పు, అన్నం ఒకే పూట తినాలా అని అడుగుతారు. ప్రొటీన్‌ని కట్టే ఇటుకల్లాంటివాటిలో లైసిన్ బియ్యంలో తక్కువ, మెథియోనిన్ పప్పులో తక్కువ, ఒకదాని లోటు ఒకటి తీరుస్తుంది. రోజు మొత్తంలో రెండూ పడితే చాలు, ఒకే ముద్దలో ఉండాలనేం లేదు. బియ్యం, జొన్నలు, గోధుమలు మూడు వంతులైతే పప్పుదినుసులు ఒక వంతు ఉండాలి. మన ఇళ్లలో అన్నం వైపు ఇంకా ఎక్కువే మొగ్గుతుంది.

7. అన్నం తగ్గించాలా?

లావుగా ఉన్నవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు పప్పు పెంచినంత అన్నం తగ్గించాలి, లేకపోతే ఒళ్లు పెరుగుతుంది. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు డాక్టర్‌కి చెప్పి తగ్గించండి. 50 గ్రాముల బియ్యం తగ్గిస్తే 4 గ్రాముల ప్రొటీన్ కూడా పోతుందని మాత్రం లెక్కలో రాసుకోండి, చాలామంది మర్చిపోయేది ఇదే.

బక్కగా ఉన్న పెద్దవాళ్ల విషయంలో తగ్గించొద్దు. తిండి మొత్తమే తక్కువైతే తిన్న ప్రొటీన్‌ని ఒళ్లు కట్టెల్లా కాల్చేసుకుంటుంది, కండకి మిగలదు. వాళ్లకి అన్నం అలాగే ఉంచి పప్పులో చెంచాడు నెయ్యి కూడా వేయండి.

8. పౌడర్ డబ్బా ఎప్పుడు?

ఇది ఆఖరి మాటగా ఉండాలి, మొదటిది కాదు. పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో కూడా ప్రొటీన్ పౌడర్లు వద్దనే చెప్పారు. నేను మరీ అంత గట్టిగా అనను. నమలలేనివాళ్లు, ఆపరేషన్ అయి తిండి సయించనివాళ్లు డాక్టర్ చెప్తే తాగొచ్చు. కొనేముందు చూసుకోవాల్సినవి:

- డబ్బా వెనక ఒక్కసారి వేసుకునే పొడికి ప్రొటీన్ ఎంత? ముందువైపు పెద్దక్షరాల్లో ఉండేది చాలాసార్లు 100 గ్రాముల లెక్క.
- పాలతో కలిపిన లెక్కా, ఒట్టి పొడి లెక్కా? పిల్లల డబ్బాల్లో సగం గొప్ప పాలదే.
- చక్కెర ఎంత?
- ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) 14 అంకెల లైసెన్స్ నంబరు ఉందా?
- ధరని మొత్తం ప్రొటీన్ గ్రాములతో భాగిస్తే గ్రాము ఎంత పడుతోంది? అదే లెక్క మీ ఊరి కందిపప్పుకి, గుడ్డుకి, మీల్ మేకర్‌కి వేసి పక్కన పెట్టి చూడండి.

ప్రొటీన్ బిస్కెట్ల గురించి రాయడానికి ఏమీ లేదు. అవి బిస్కెట్లు.

9. మళ్లీ మళ్లీ చూస్తున్న తప్పులు

గుడ్డులో పచ్చసొన పారేయడం. పచ్చసొనలో రెండున్నర గ్రాముల పైనే ప్రొటీన్ ఉంది. డాక్టర్ వద్దని చెప్పి ఉంటే తప్ప రోజుకో గుడ్డు మొత్తం తినండి.

పుట్టగొడుగుల్ని మాంసంతో సమానం అనుకోవడం. 100 గ్రాములకి 3 గ్రాములే. రుచికి తినండి, లెక్కకి కాదు.

బాదంపప్పులు. పది గింజలకి రెండు గ్రాముల పైచిలుకు. అదే ఖర్చుతో పల్లీలు ఎన్ని వస్తాయో మీకే తెలుసు.

రక్తపరీక్షలో టోటల్ ప్రొటీన్ బాగుందని నిశ్చింతగా ఉండటం. ఆ అంకె లివరు, కిడ్నీలు, ఒంట్లో వాపు లాంటి వాటితో మారుతుంది. మీ కంచం సంగతి అది చెప్పదు.

అమెరికాలో ఉంటూ డబ్బా మీది శాతాలని నమ్మేయడం. అక్కడి లేబుల్ 50 గ్రాములని 100 శాతంగా తీసుకుంటుంది. అది మీ బరువు చూసి వేసింది కాదు. గ్రాముల వరుస చదవండి.

10. నెల తర్వాత మళ్లీ తూచండి

అదే మంగళవారం, అదే కాగితం. లెక్కతో పాటు ఒంటిని కూడా చూడండి:

- చేతులు ఆనించకుండా కుర్చీలోంచి అర నిమిషంలో ఎన్నిసార్లు లేవగలుగుతున్నారు? మొదటిరోజే రాసి పెట్టుకుంటే పోల్చుకోవచ్చు.
- బరువు అనుకోకుండా పెరిగిందా, తగ్గిందా?
- మలబద్ధకం మొదలైందా? అయితే నీళ్లు, ఆకుకూర పెంచండి.

నడక, మెట్లెక్కడం, నీళ్ల బాటిళ్లు ఎత్తడం లాంటివి ఏవీ లేకుండా ఒట్టి ప్రొటీన్ పెంచి కండ వస్తుందని చూడకండి, రాదు.

తూకం మాత్రం శాశ్వతంగా అక్కర్లేదు. మా ఇంట్లో రెండో వారానికే అది అటకెక్కింది. ఇప్పుడు నలుగురికీ 200 గ్రాములు పట్టే స్టీలు గ్లాసు ఒకటి పప్పు డబ్బాలోనే ఉంటోంది, దాని మీద అమ్మ ఎర్ర నెయిల్ పాలిష్‌తో ఒక గీత పెట్టింది. చారు చేసే రోజున కూడా ఆ గీత దాకా పప్పు పోసి, పైతేట చారుకి వంచేసి, మిగిలిన ముద్దని నెయ్యి వేసి ముందు వడ్డిస్తోంది.